పలుకును వ్రాతగా మార్చే యంత్రం: అందరినీ ఒకే గాటకు కట్టరాదు

నోటితో పలికిన మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ నేడు సామాన్యుని చేతిఫోనులోకి వచ్చి చేరినది. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల నిర్మించిన తొలి యంత్రం సున్న నుండి తొమ్మిది వరకు అంకెలను మాత్రమే, అదీ తనకు అలవాటుపడిన గొంతు నుండి మాత్రమే, గుర్తించగలిగేది. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలను చేర్చినది. అరవై అయిదు సంవత్సరాలలో విజ్ఞానశాస్త్రం సాధించిన ఈ ప్రగతిని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాము. కలం పట్టజాలని చేతికి, అక్షరం కానరాని కంటికి, పాఠం వినరాని చెవికి ఇది గొప్ప ఆసరా కాగలదనడంలో సందేహం లేదు.

అయితే ఆసరా కాగలిగిన వస్తువు ఆసరా అయి తీరుతుందని నమ్మరాదు. ఎవరికి ఏ యంత్రం, ఏ పనికి, ఏ భాషలో, ఎవరి పర్యవేక్షణలో అన్న ప్రశ్నలు వేసుకొనకుండా ఒకే సాఫ్ట్‌వేర్‌ను టెండరు మీద కొని, పాఠశాలలోని ప్రత్యేక అవసరాలుగల పిల్లలందరికీ పంచిపెడితే జరిగేదేమిటి? కొందరికి అది ఉపయోగపడుతుంది. తక్కిన పిల్లల మాటను అది గుర్తించదు. అప్పుడు లోపం యంత్రానిదని ఎవరూ అనరు. పిల్లవానికే చేతకాలేదంటారు. యంత్రం మూలన పడుతుంది, పిల్లవాడు వెనుక బెంచీలో పడతాడు. రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాలలో ఇట్టి బిడ్డలు వున్నారు. మన రైల్వేలు స్వయంగా పాఠశాలలు నడుపుతున్నవి. కావున ఈ విషయం మన సమాఖ్య పరిధికి వెలుపలిది కాదు.

ముందుగా చట్టం ఏమి చెప్పుచున్నదో చూతము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 1995 నాటి చట్టంలో ఏడుగా వున్న వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచినది. అభ్యసన వైకల్యాలు, వాక్కు, భాషా వైకల్యాలు కూడా ఆ జాబితాలో చేరినవి. ఆ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, నలభై శాతానికి తక్కువ కాని వైకల్యంగల విద్యార్థులకు పదునెనిమిదేళ్ళ వయస్సు వరకు పుస్తకాలు, బోధనసామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా సమకూర్చే చర్యలు ప్రభుత్వాలు, స్థానిక అధికార సంస్థలు చేపట్టవలసియున్నది. ఇక్కడ "తగిన" అన్న మాట కీలకమైనది. ఏదో ఒక పరికరం ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆ బిడ్డకు తగినదై వుండవలెను. ఆ తగుదలను నిర్ణయించే పద్ధతి ఏదన్నదే నేటి మన ప్రశ్న.

ఈ యంత్రం పనిచేసే తీరు కొంత తెలిసివుంటే తగుదల విషయం సులభంగా బోధపడుతుంది. వేలాది గంటల మానవవాక్కును, దానికి సరిపడే వ్రాతను కలిపి యంత్రానికి నేర్పుతారు. ఏ ధ్వని తరువాత ఏ ధ్వని, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో అది లెక్కలు కట్టి ఊహిస్తుంది. ఏ గొంతులు ఎక్కువ విన్నదో వాటిని బాగా గుర్తిస్తుంది, విననివాటి దగ్గర తడబడుతుంది. మోర్స్ కాలంలో తంతి శాఖలో పనిచేసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. తీగకు అవతల మీట నొక్కుతున్న ఆపరేటరు ఎవరో టకటకల తీరును బట్టి ఇవతలివారు పోల్చుకొనేవారు. అలవాటైన చేతి నుండి సందేశం సాఫీగా వచ్చేది. క్రొత్త చేతి దగ్గర మరింత శ్రద్ధ కావలసివచ్చేది. యంత్రమూ అంతే. మనిషి శ్రద్ధ పెంచుకొంటాడు. యంత్రం మాత్రం తోచినది వ్రాసి ఊరుకొంటుంది.

2020లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన అయిదు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించినది. తెల్లజాతివారు మాట్లాడినప్పుడు సగటున నూరు మాటలకు 19 తప్పులు, నల్లజాతివారు మాట్లాడినప్పుడు 35 తప్పులు దొర్లినట్లు అందులో తేలినది. మాట్లాడినది అదే ఇంగ్లీషు. యంత్రానికి నేర్పినవారు ఎవరి గొంతులను ఎక్కువగా వినిపించలేదో వారే నష్టపోయిరి. 2022 సెప్టెంబరులో విడుదలైన విస్పర్ అనే సాఫ్ట్‌వేర్‌కు 6,80,000 గంటల వాక్కుతో శిక్షణ ఇచ్చిరి. అందులో ఇంగ్లీషు కాని 96 భాషలన్నిటికీ కలిపి దక్కినది 1,17,000 గంటలు. ఈ పంపకంలో మన భాష వాటా ఎంత పలుచనో ఊహించుకొనవచ్చును.

ఇక విద్యార్థుల అవసరాలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

చేయి సహకరించని పిల్లలు మొదటివారు. కండరాల క్షీణత, చేతివ్రాతకు ఆటంకం కలిగించే డిస్‌గ్రాఫియా వంటి స్థితులలో మాట స్పష్టంగా వుంటే డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ నిజంగా వరమే. అయితే వ్యాసం చెప్పి వ్రాయించుకొనడం ఒక పని, కంప్యూటరును మాటతో నడిపించుకొనడం మరొక పని. ఫైలు తెరవడం, తప్పిన మాటను ఎంచి దిద్దడం, పుట మార్చడం కూడా నోటితోనే సాగకపోతే పిల్లవానికి ప్రక్కన ఒక మనిషి వుండక తప్పదు. విండోస్ 11లోని వాయిస్ యాక్సెస్ వంటివి ఈ రెండవ పని కోసం రూపొందినవే గాని, అవి మొదలైనది ఇంగ్లీషుతో. 1997లో బజారుకు వచ్చిన డ్రాగన్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేదు. తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డకు అది ఎంత ఖరీదైనదైనా తగినది కాజాలదు.

సెరిబ్రల్ పాల్సీగల పిల్లలలో కొందరికి చేతితోబాటు నాలుక, పెదవుల కండరాలు కూడా అదుపు తప్పుతాయి. ఆ బిడ్డ మాట తల్లికి తెలుస్తుంది, రోజూ వినే ఉపాధ్యాయునికి తెలుస్తుంది. యంత్రానికి తెలియదు. అత్యవసరంగా సహాయం కావలసినవాడే అందరికంటె ఎక్కువగా ఇక్కడ దెబ్బతింటున్నాడు. ఇట్టి గొంతులను సేకరించి యంత్రానికి నేర్పే ప్రయత్నం 2022లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆరంభించినది. తెలుగు గొంతుల విషయంలోను అట్టి కృషి విస్తృతంగా జరుగవలెను. అంతవరకు ఆ బిడ్డకు తరువాతి మాటను ముందుగా సూచించే కీబోర్డు, పెద్ద మీటలు, బొమ్మల పలక వంటివే ఎక్కువ మేలు చేయవచ్చును. వాక్కును గుర్తించే యంత్రం అక్కరలేదని నిర్ణయించడం కూడా సరియైన ఎంపికే.

నత్తిగల విద్యార్థి సమస్య వేరు. మధ్యలో కాస్త ఆగగానే మాట పూర్తయినదనుకొని కొన్ని యంత్రాలు వినడం మానివేస్తాయి. మరికొన్ని ఆ మౌనాన్ని తమ ఊహతో పూరిస్తాయి. విస్పర్‌పై 2024లో వెలువడిన పరిశోధన ప్రకారం, పరీక్షించిన శబ్దఖండాలలో సుమారు నూటికి ఒకదానిలో ఎవరూ పలకని మాటలు వ్రాతలో ప్రత్యక్షమైనవి. మెదడుకు దెబ్బ తగిలి వాక్కు కోల్పోయినవారి విషయంలో, మాటల మధ్య మౌనం ఎక్కువగా వుండుటచేత, ఈ కల్పన మరికొంత అధికమైనది. ఆగి ఆగి మాట్లాడే పిల్లవాని సమాధానంలో అతడు అనని వాక్యం చేరితే పరీక్షలో దానికి జవాబుదారి ఎవరు? కాబట్టి ఎంత మౌనాన్ని సహించవలెనో మార్చుకొనే వీలుందా అన్నది ఇక్కడ మొదట అడుగవలసిన ప్రశ్న.

దృష్టి లేని విద్యార్థికి డిక్టేషన్ ఒక్కటే చాలదు. వ్రాసినదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా తోడు వుండవలెను. ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా లభిస్తున్నది. అయినను "కల" అన్న చోట "కళ" పడితే వేగంగా చదివే యంత్రస్వరంలో తేడా పట్టుబడదు. అక్షరం అక్షరంగా వినే అభ్యాసం కావలెను. ఆ అభ్యాసం నేర్పే ఉపాధ్యాయుడు కావలెను. డిస్‌లెక్సియాగల బిడ్డకూ ఇదే వర్తిస్తుంది. మనసులోని భావాన్ని అతడు నోటితో చక్కగా చెప్పగలడు. యంత్రం వ్రాసినది సరియో కాదో చూచి పోల్చుకొనడమే అతనికి కష్టం. తిరిగి చదివి వినిపించే సదుపాయం లేని డిక్టేషన్ అతనికి సగం సహాయమే.

వినికిడి లోపంగల విద్యార్థి విషయంలో పరిస్థితి తలక్రిందులు. అక్కడ యంత్రం గుర్తించవలసినది విద్యార్థి గొంతు కాదు, ఉపాధ్యాయుని గొంతు. 2019లో వచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ వంటివి మాట్లాడుతుండగానే వ్రాతను తెర మీద చూపుతాయి. కాని నలభైమంది పిల్లల గదిలో, పంకాల రొదలో, ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడుతుంటే బల్ల మీది ఫోనుకు వినబడేదెంత? ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంటె ఉపాధ్యాయుని చొక్కాకు తగిలించే మైకు ముఖ్యం కావచ్చును. పైగా సంజ్ఞాభాషలో పెరిగిన బిడ్డకు తెర మీది వ్రాత మరొక భాషతో సమానం. దాన్ని చూపి సంజ్ఞాభాషా దుబాసీని తొలగించుట అన్యాయం.

అవసరాలు ఇన్ని విధాలైతే, వీటన్నిటికీ తోడు మన భాషకున్న ప్రత్యేకతలు కొన్ని వున్నవి. యంత్రాల నాణ్యతను మాటల లెక్కన కొలుస్తారు. ఎన్ని మాటలు మారినవి, ఎన్ని జారిపోయినవి, ఎన్ని అదనంగా చేరినవి అని. తెలుగులో "రాముడొచ్చాడన్నారు" అన్న ఒక్క మాటను యంత్రం "రాముడు వచ్చాడు అన్నారు" అని మూడుగా విడదీసి వ్రాస్తే అర్థం చెడలేదు గాని, ఆ లెక్క ప్రకారం మూడు తప్పులు. మరొక వైపు ఒక్క అక్షరం మారి అర్థమే తిరగబడినా అది ఒక్క తప్పు. కావున కంపెనీ కరపత్రంలోని శాతాలను చూచి మోసపోరాదు. ఇంగ్లీషుకు చెప్పిన శాతాన్ని తెలుగుకు అన్వయించరాదు. శ్రీకాకుళం పలుకుబడి వేరు, పాలమూరు పలుకుబడి వేరు, చిత్తూరు పలుకుబడి వేరు. ఏ ప్రాంతపు బిడ్డ వాడవలెనో ఆ ప్రాంతపు బిడ్డతోనే పరీక్షించవలెను.

బదిలీల మీద బ్రదికే మన కుటుంబాలలో ఈ చిక్కు ఇంకను ఎక్కువ. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారి పిల్లలు ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. ఒక వాక్యంలోనే మూడు భాషల మాటలు దొర్లుతాయి. యంత్రాలు చాలావరకు ఒకసారి ఒక భాషనే ఆశిస్తాయి. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల కోసం బహిరంగంగా విడుదల చేసిన నమూనాలు ఈ దిశలో ఆశాజనకమైన ప్రయత్నాలు. ప్రజల ధనంతో తయారైన ఇట్టివి పాఠశాలల వాడుకకు అనువైన రూపంలో, ఉచితంగా అందవలెనని కోరుతున్నాము.

ఇక తనిఖీ సంగతి. స్టేషన్ మాస్టరు పక్క స్టేషను నుండి ఫోను మీద లైన్ క్లియర్ తీసుకొనేటప్పుడు విన్న మాటను తిరిగి చెప్పి, ప్రైవేట్ నంబరు ఇచ్చిపుచ్చుకొన్న తరువాతనే బండి కదులుతుంది. విన్నది విన్నట్లు నమ్మితే ఏమగునో రైల్వే కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు. విద్యార్థి చేతిలోని యంత్రానికీ ఇదే నియమం వర్తించవలెను. చెప్పినది వ్రాయుట, వ్రాసినది తిరిగి వినిపించుట, విద్యార్థి సరేనన్న తరువాతనే దాన్ని అతని సమాధానంగా స్వీకరించుట. ఈ మూడు మెట్లు లేని పరికరాన్ని పరీక్షగదిలోనికి అనుమతించరాదు. ఈ మూడు మెట్లకు పట్టే కాలాన్ని అదనపు సమయంగా ఇవ్వకుండుటయు తగదు.

యంత్రం ఎక్కడ పనిచేస్తున్నదన్నది మరొక ప్రశ్న. కొన్ని సాఫ్ట్‌వేర్లు బిడ్డ గొంతును ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో వున్న కంపెనీ కంప్యూటరుకు పంపి, అక్కడ నుండి వ్రాతను తెప్పిస్తాయి. కొన్ని చేతిలోని పరికరంలోనే పని ముగిస్తాయి. నెట్‌వర్కు అందని చిన్న స్టేషను పక్క క్వార్టర్లలో మొదటి రకం నిరుపయోగం. అంతకుమించి, బిడ్డ గొంతు, వైకల్యం వ్యక్తిగత విషయాలు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పదునెనిమిదేళ్ళలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి వుండవలెనని నిర్దేశిస్తున్నది. గొంతు ఎక్కడ నిలువ వుంటుంది, ఎంతకాలం వుంటుంది, దేనికి వాడతారు అని తల్లిదండ్రులు అడిగి వ్రాతపూర్వకంగా సమాధానం పొందవలెను. ఉచితమన్న మాట విని సంతకం చేయరాదు.

ఖర్చు విషయంలోను కన్ను తెరచి వుండవలెను. ఒకసారి కొనే ధర వేరు, ఏటేటా కట్టే చందా వేరు. చందా ఆగిన నాడు పరికరం మూగబోతుంది. కేంద్రప్రభుత్వోద్యోగుల పిల్లల విద్యాభత్యం 2024 జనవరి 1 నుండి నెలకు 2,812 రూపాయల 50 పైసలు కాగా, దివ్యాంగులైన పిల్లలకు దానికి రెండింతలుగా 5,625 రూపాయలు నిర్ణయమైనది. అర్హులైన సభ్యులు దీనిని తప్పక పొందవలెను. అయితే ఈ భత్యం చూపి పాఠశాల తన చట్టబద్ధమైన బాధ్యతను తల్లిదండ్రుల మీదికి నెట్టివేయుట సమ్మతం కాదు. కోచ్‌లు కడిగే కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు ఈ భత్యం కూడా లేదు. ఆ బిడ్డకు 17వ సెక్షనే దిక్కు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి వున్నది. యంత్రం వచ్చినది గనుక మనిషి అక్కరలేదనే వాదం మనకు క్రొత్త కాదు. పరీక్షలో లేఖకుని సహాయం విద్యార్థికి సంక్రమించిన హక్కు. చేతివ్రాత వైకల్యంగల ఒక సివిల్ సర్వీసు అభ్యర్థి వ్యాజ్యంలో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నలభై శాతం పరిమితితో నిమిత్తం లేకుండా, అవసరమున్నవారికి లేఖకుని నిరాకరించరాదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరం అక్టోబరులో మరొక తీర్పులో, ప్రాథమిక స్థాయిలో పదిమంది, ఆపై తరగతులలో పదిహేనుమంది ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు చొప్పున వుండవలెనని ప్రమాణం నిర్దేశించినది. సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఈ నియామకాలకు బదులు కాజాలదు. యంత్రమా, లేఖకుడా అన్నది విద్యార్థి ఎంచుకొనవలెను గాని, అధికారి ఎంచరాదు.

అయితే ఎంపిక ఏ విధంగా జరుగవలెను? మా అభిప్రాయంలో క్రమం ఇది. మొదట విద్యార్థి చేయవలసిన పని ఏదో నిర్ణయించవలెను. వ్యాసం వ్రాయుటయా, పాఠం అనుసరించుటయా, కంప్యూటరు నడుపుటయా అని. రెండవది, ఆ పనికి అడ్డు వస్తున్నది చేయా, కన్నా, చెవియా, నాలుకా, అక్షరమా అని గుర్తించవలెను. మూడవది, అతడు కూర్చునే గదిలోనే, అతని పాఠ్యపుస్తకంలోని మాటలతోనే, కనీసం రెండు మూడు సాఫ్ట్‌వేర్లను కొన్ని వారాలు వాడించి చూడవలెను. మొదటి రోజు ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పరాదు. నాలుగవది, తప్పుల సంఖ్యతోబాటు వాటిని దిద్దుకొనుటకు పట్టిన సమయాన్ని, బిడ్డకు కలిగిన అలసటను కూడా లెక్కించవలెను. పది నిమిషాలలో చెప్పి, నలభై నిమిషాలు దిద్దవలసివస్తే అది సహాయం కాదు, శిక్ష. అయిదవది, ఏడాదికొకసారి పునఃపరిశీలన జరుగవలెను. బిడ్డ గొంతు మారుతుంది, చదువు మారుతుంది, యంత్రమూ మారుతుంది. చివరిది, కాని మొదటిదాని వంటిది: బిడ్డను అడుగవలెను. తోటి పిల్లల ముందు యంత్రంతో బిగ్గరగా మాట్లాడుటకు సిగ్గుపడే బిడ్డకు వేరొక మూల, వేరొక వేళ కల్పించవలసివుంటుంది.

ఈ దృష్టితో మేము కోరుతున్నవి ఇవి. రైల్వే పాఠశాలలలో సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు ముందు ప్రత్యేక ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు, విద్యార్థి పాల్గొనే పరిశీలన తప్పనిసరి చేయవలెను. టెండరులో ధర ఒక్కటే కాక, తెలుగు తదితర భారతీయ భాషలలో పనితీరు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే శక్తి, గొంతుల గోప్యత షరతులుగా చేర్చవలెను. ఉపాధ్యాయుల శిక్షణకు పనిగంటలు కేటాయించవలెను. ఏ విద్యార్థికి ఏది ఉపయోగపడినదో, ఏది పడలేదో పాఠశాలలు నమోదు చేసి ఒకరికొకరు తెలియజేసుకొనవలెను. మన బ్రాంచీలు, డివిజన్, సర్కిల్ కమిటీలు తమ సభ్యుల కుటుంబాలలో ఇట్టి అవసరాలుగల పిల్లల తల్లిదండ్రులను, వారు అంగీకరించిన మేరకు, ఒకచోట చేర్చి అనుభవాలు పంచుకొనే వీలు కల్పించవలెను. విద్యాభత్యానికి, సహాయక పరికరాలకు దరఖాస్తు చేయడంలో వారికి తోడ్పడవలెను. సంకోచంతో ఇంటనే మరుగుపరచిన కష్టం డిమాండుగా మారదు.

అంధుల బ్రెయిలీ పుస్తకాల పొట్లాలకు తపాలా ఖర్చు వసూలు చేయకుండా మోసిన సంప్రదాయం మన తపాలా శాఖది. బరువు చూచి గాక అవసరం చూచి సేవ చేయవలెనన్న నీతి అందులో వున్నది. నేటి యంత్రాలకూ ఆ నీతినే వర్తింపజేయుదము. పలుకగలిగిన బిడ్డ పలుకు కాగితం మీదికి చేరవలెను. పలుకలేని బిడ్డ భావానికి మరొక దారి దొరకవలెను. ఆ దారి ఏదో యంత్రం అమ్మేవాడు చెప్పడు. బిడ్డను ఎరిగినవారు వెదకి, పట్టుబట్టి సాధించవలసినది. ఆ కృషికి మన సంఘబలాన్ని జోడించవలసిందిగా సోదర సోదరీమణులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాము.